పొద్దున్న ఎంత, మధ్యాహ్నం ఎంత

రాజ్యలక్ష్మి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఏలూరులో ఎవరిదో గృహప్రవేశానికి వచ్చి, మా ఇల్లు వాకబు చేసుకుని, భోజనాల వేళ దాటాక గేటు తీసుకుని లోపలికి వచ్చింది. "తాడేపల్లిగూడెంలో రేడియో సామాన్ల కొట్టు గుప్త గారి అమ్మాయినండి" అంది. ఆ మాట వినగానే, ఆమె కోసం తెచ్చిన మంచినీళ్ళు నేనే గడగడా తాగేశాను. కొట్లో పాత సొరుగులు ఖాళీ చేస్తుంటే దొరికిందని చెప్పి, బ్యాగులోంచి అగ్గిపెట్టంత కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. పైన గుప్త గారి గుండ్రటి చేతిరాత. "శాస్త్రి గారి అమ్మాయి విశాలాక్షి గారు తిరిగిచ్చారు. చూశాను. మంచిదే." లోపల మూడు కాళ్ళ ఐసీ ఒకటి ఉంది. దాని కాళ్ళకి నలభై ఏళ్ళ కిందట నేను చేతకాక పెట్టిన సీసం ముద్దలు ఇంకా అలాగే ఉన్నాయి.

గుప్త గారు ఎలా ఉన్నారని భయం భయంగా అడిగాను. ఉన్నారో లేదో కూడా తెలియకుండా ఇన్నేళ్ళు బతికేశాను, అదీ ముప్ఫై మైళ్ళ దూరంలో.

"బాగానే ఉన్నారండి. ఎడమ చెవి వినిపించదు, కుడిది పరవాలేదు. కొట్టు నేనే చూసుకుంటున్నానండి. అయినా రోజూ పదింటికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాల్సిందే, లేకపోతే అన్నం ముట్టరు. ఈ పొట్లం చూపిస్తే మీకిచ్చి రమ్మన్నారండి. ఎందుకు నాన్నా అంటే, ఆవిడకి తెలుసులే అన్నారు."

తెలుసు. తెలియకపోతే ఏ గొడవా లేదు. ఆ ఐసీ మంచిదని నాకు ఆ వారంలోనే తెలిసింది. ఆయనకీ తెలుసన్న సంగతి మాత్రం ఈ పొట్లం చూసేదాకా తెలియలేదు. రాజ్యలక్ష్మి కాఫీ తాగి వెళ్ళిపోయాక చాలాసేపు దాన్ని ముట్టుకోకుండా అలా చూస్తూ కూర్చున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసుకున్నాను కూడా.

అప్పుడు మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. బడి లేని రోజుల్లో వ్రతాలు చేయించేవారు, గుప్త గారి కొట్లో ఏటా పూజ కూడా ఆయనే చేయించేవారు. ఇల్లు మాత్రం బామ్మది, అంటే నాన్నగారి తల్లిది. తెల్లారకుండానే దండెం మీంచి కర్రతో మడిబట్ట అందుకుని, కట్టుకుని, వంట పూర్తయ్యేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అమ్మకే వంటింటి గడప దగ్గర అడ్డు, ఇక నా సంగతి చెప్పేదేముంది? పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న నాకూ, నా సోల్డరింగ్ ఐరన్‌కీ పొద్దుటి పూట వీధి అరుగే గతి. నా సోల్డరింగ్ పొగ వాసన లోపలికి వెళ్ళి బామ్మ వేసిన సాంబ్రాణితో కలిసేది. "అది గుగ్గిలమేనే, పరవాలేదు, మైల కాదు" అని బామ్మే ఒకనాడు తేల్చేసింది. ఆ తీర్పు రాకపోయుంటే నా చదువు అరుగు మీద కూడా సాగేది కాదు.

గురువారం సాయంత్రం పూజ సామాను తోమడం నా పని. రాగి చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణి, హారతి పళ్ళెం అన్నీ నూతి గట్టు దగ్గర పరుచుకుని, పులుసు పిండేసిన చింతపండు పిప్పి, ఇంత కల్లుప్పు పెట్టి రుద్దేదాన్ని. నల్లగా ఉన్న రాగి చేతి కిందే ఎర్రగా మారిపోతుంటే ఎంత విసుగున్న మనిషికైనా సంతోషం కలుగుతుంది. తోమాక మూడు నీళ్ళు పోయాలి, ఎండలో బోర్లించాలి. అది బామ్మ చట్టం. నేను రెండో నీళ్ళకే చెంబు తిప్పేసేదాన్ని. బామ్మ లోపలి నుంచే, కంటితో చూడకుండానే, "మూడోది ఏదే?" అని అరిచేది. నీళ్ళ చప్పుడు లెక్కపెట్టేది కాబోలు.

ఆఖరి సంవత్సరం నా ప్రాజెక్టు ఒక పవర్ సప్లై. గోడలో కరెంటు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా, ఆ పెట్టె నుంచి మాత్రం సరిగ్గా పన్నెండు వోల్టులే బయటికి రావాలి. ఆ కట్టడి చేసేది మూడు కాళ్ళ ఐసీ. ఎంత ఇవ్వాలో దానికి చెప్పేవి పక్కనున్న రెండు రెసిస్టర్లు. అంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. సామానంతా గుప్త గారి కొట్లోనే కొన్నాను. నా దగ్గర వోల్టులు కొలిచే మీటరు లేదని తెలిసి ఆయన తన ముల్లు మీటరు తోలు సంచీతో సహా నా చేతిలో పెట్టారు. "పరీక్షయ్యేదాకా ఉంచుకోండమ్మా, తొందరేం లేదు" అన్నారు. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దాయన, పంతులు గారి అమ్మాయినని నన్ను ఎప్పుడూ మీరు అనేవారు.

సామానంతా అతికే బోర్డు మీద కరెంటు నడిచే రాగి గీతలు నేనే వేసుకున్నాను, రంధ్రాలు చేసుకున్నాను. తీరా చూస్తే రాగి నల్లబడి చూడ్డానికి అసహ్యంగా ఉంది. మా ఇంట్లో పుట్టిన పిల్లకి నల్లబడ్డ రాగి కనిపిస్తే ఏం తోస్తుంది? పిప్పీ ఉప్పూ పెట్టి తోమి పారేశాను. ఒక్క చెంబు నీళ్ళు పోసి, పాత పంచె ముక్కతో తుడిచి, అరగంటలో సోల్డరింగ్ మొదలుపెట్టాను. బోర్డు తళతళా మెరిసింది. మా లెక్చరర్ గారు దాన్ని క్లాసంతా తిప్పి చూపించి, పని అంటే ఇలా ఉండాలి అన్నారు. నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్న అరుగు మీద పెట్టి స్విచ్ వేస్తే ముల్లు పదకొండు కూడా దాటలేదు. పన్నెండు రావాల్సింది పదకొండులోపు. సరే, ఎక్కడో అతుకు సరిగ్గా పడలేదనుకుని అతుకులన్నీ మళ్ళీ వేశాను. అదే పదకొండులోపు. ఆ మర్నాడు లోపలికొచ్చే వోల్టేజి చూశాను, పుష్కలంగా ఉంది. డయోడ్లు ఒక్కొక్కటే పీకి చూశాను, బాగున్నాయి. కెపాసిటర్ మార్చాను. రెసిస్టర్లు రెండూ విడిగా తీసి కొలిచాను, వాటి మీది రంగు చారలు ఎంత విలువ చెప్పాయో అంతే ఉన్నాయి. పరీక్ష పది రోజుల్లోకి వచ్చింది. రోజూ తెల్లారకముందే లేచి, మాఘమాసపు మంచులో శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చునేదాన్ని. కొల్లేటి వైపు నుంచి వచ్చే తడిగాలికి అరుగు చెమర్చి ఉండేది, చాప వేసుకున్నా చీర అంటుకునేది. పగలు కాలేజీ, సాయంత్రమైతే వీధిలో కరెంటు నీరసించి బల్బు ఎర్రగా వెలిగేది, అప్పుడు కొలిస్తే తప్పెవరిదో తేలదు. అందుకని నా యుద్ధమంతా ఆ పొద్దుటి రెండు గంటల్లోనే. "ఇంకా వదల్లేదుటే దాన్ని?" అని అమ్మ కాఫీ గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళేది. వదలను. నా సంగతి నాకు తెలుసు. దాని అంతు నేనైనా చూడాలి, నా అంతు అదైనా చూడాలి.

అన్నీ చూశాక మిగిలింది ఐసీ ఒక్కటే. ఊళ్ళో డూప్లికేట్లు తిరుగుతున్నాయని క్లాసులో అప్పటికే గుసగుసలు. ఇక నాకు అనుమానం లేదు. శనివారం సాయంత్రం ఐసీ పీకి, పిడికిట్లో పట్టుకుని, కోపంతో గుప్త గారి కొట్టుకి నడిచాను. కొట్టు నిండా జనం, అందులో మా క్లాసు వాళ్ళే నలుగురు. ఐసీని గాజు బల్ల మీద టక్కుమని పెట్టాను.

"మీరిచ్చింది డూప్లికేట్ అండీ. వారం రోజులు నా ప్రాణం తీసింది. నమ్మి కొంటే ఇలా చేస్తారా?" అన్నాను. గొంతు తగ్గించలేదు సరికదా, అందరికీ వినిపించాలనే అన్నాను.

గుప్త గారు ఐసీని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క మాట అంటే సరిపోయేది, నా నోరు మూతపడేది. అనలేదు. వెనక్కి తిరిగి సొరుగులోంచి ఇంకొకటి తీసి నా ముందు పెట్టారు.

"ఇది తీసుకెళ్ళండమ్మా. కానీ ఒక్కటి చెప్పండి. పొద్దున్న ఎంత వచ్చింది, మధ్యాహ్నం ఎంత వచ్చింది? రాసుకున్నారా?"

"పొద్దున్నైనా మధ్యాహ్నమైనా చెడ్డది చెడ్డదే కదండీ" అన్నాను.

"అంతేలెండి. అయినా రాసి చూడండి ఓసారి" అన్నారు.

మర్నాడు ఆదివారం. కొత్త ఐసీ పెట్టి స్విచ్ వేశాను. అదే పదకొండులోపు! మొదట కోపం వచ్చింది, ఇదీ డూప్లికేటే అనుకున్నాను. ఆ తర్వాత స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూశాను, ముల్లు అక్కడే. రెండు వేర్వేరు ఐసీలు ఒకే తప్పు, ఒకే అంకెకి చేస్తాయా? అప్పుడు ఆయన అడిగిన మాట గుర్తొచ్చింది. నోటు పుస్తకం వెనక పేజీలో గీతలు కొట్టి, గంట గంటకీ కొలిచి రాయడం మొదలుపెట్టాను. మంచు విడిచేసరికి ముల్లు పదకొండు దాటింది. పదిన్నర గంటలకి పదకొండున్నర వోల్టులు. మధ్యాహ్నం రెండింటికి, అరుగు మీద చెయ్యి పెడితే కాలే ఎండలో, ముల్లు పన్నెండు మీదికి వచ్చి బుద్ధిగా నిలబడింది. నేను దేన్నీ ముట్టుకోలేదు, ఎండ తప్ప ఏదీ మారలేదు.

బామ్మ భోజనం చేసి, వత్తులు చేసుకుందామని పత్తి పట్టుకుని అరుగు మీదకొచ్చి కూర్చుంది. తల్లకిందులుగా పెట్టిన బోర్డు కేసి వంగి చూసింది.

"ఇదేవిటే, దీనికి చిలుం పట్టింది?"

"చిలుం కాదు బామ్మా, అదేదో సోల్డరింగ్ మరక."

"నాకు చెప్పకు. నీ వయసుకి నాలుగింతలు తోమాను రాగి. చింతపండు పెట్టి తోమావా?"

"ఆఁ."

"ఉప్పు?"

"వేశాను."

"ఎన్ని నీళ్ళు పోశావు?"

"ఒక్కటే."

"అదీ సంగతి. పులుపు లోపల ఉండిపోయింది, చెమ్మ తగిలితే పైకొస్తుంది, రాగిని తినేస్తుంది. మూడు నీళ్ళని ముసల్ది చాదస్తానికి చెప్పిందనుకున్నావా? పైగా పాపం ఆ కొట్టాయన్ని ఆడిపోసుకుని వచ్చావుట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

భూతద్దం పెట్టి చూశాను. రెండు రాగి గీతల మధ్య వెంట్రుకంత పచ్చటి చార. ఆ బోర్డు అట్టలాంటి సరుకు, ఉప్పునీళ్ళు పీల్చుకుంటుంది. మంచు పడ్డప్పుడల్లా ఆ ఉప్పు తడిసి, కరెంటుకి నేను వెయ్యని దారి ఒకటి దానంతట అదే వేసుకుంటోంది. నేను పెట్టిన రెసిస్టరు చెప్పే లెక్కని ఆ దొంగదారి చెడగొడుతోంది. వారం రోజులుగా నేను అనుమానించనిది బోర్డు ఒక్కదాన్నే. అందరూ మెచ్చుకున్న బోర్డాయె, దాన్నెందుకు అనుమానిస్తాను?

సామానంతా విప్పి, గీతల మధ్య బ్లేడుతో గీకి, వేన్నీళ్ళతో బ్రష్షు పెట్టి కడిగాను. బామ్మ పక్కన నిలబడి లెక్కపెట్టింది. మూడు అయ్యాక నాలుగోది కూడా పోయించింది, పాత బాకీ అని. రెండు రోజులు మేడ మీద వడియాల పక్కన ఎండబెట్టాను. బుధవారం పొద్దున్న ఆరింటికి, మూడిళ్ళ అవతల మనిషి కనిపించనంత మంచులో, స్విచ్ వేస్తే ముల్లు తిన్నగా పన్నెండుకి వెళ్ళి ఆగింది. నేను వేసిన కేకకి బామ్మ మడిలో ఉన్న సంగతి మరిచిపోయి గడప దాటి వచ్చేసింది. ఆ రోజు మళ్ళీ స్నానం చేసి వంట మొదటి నుంచీ మొదలుపెట్టింది, నన్ను ఒక్క మాట అనలేదు.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నే. ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్ళి, పొరపాటు నాదండీ అని చెప్పాల్సింది. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కాస్తా పరీక్ష రోజు దాకా సాగింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు, "చేసేటప్పుడు ఇబ్బంది ఏమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగారు. వెనక బెంచీల్లో క్లాసంతా ఉంది. మడి కట్టుకుని సోల్డరింగ్ చేస్తుందని నన్ను వెక్కిరించే వాళ్ళంతా ఉన్నారు. చింతపండు పెట్టి తోమానండీ అని ఆ గదిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఐసీ డూప్లికేట్ వచ్చిందండి, మార్చాను" అన్నాను. ఆయన తలూపి మార్కులు వేశారు. క్లాసులో నాకే ఎక్కువ వచ్చాయి.

ఆ తర్వాత మా కాలేజీ పిల్లలు గుప్త గారి కొట్టుకి వెళ్ళడం మానేశారు. నేను అనడం వాళ్ళు స్వయంగా విన్నారు, పరీక్షలోనూ అదే చెప్పాను, ఇక అనుమానం ఏముంది? భీమవరమో ఏలూరో పోయి సామాను తెచ్చుకునేవారు. మా వెనకొచ్చిన బ్యాచ్‌ల వాళ్ళూ అదే మాట విని అదే చేశారని తర్వాత తెలిసింది. ఆయన మీటరు నేనిచ్చి రాలేక నాన్నగారితో పంపించాను. ఆయన నాన్నగారికి కాఫీ తెప్పించి, అమ్మాయి గారికి ఎన్ని మార్కులొచ్చాయని అడిగి, చాలా సంతోషమండీ అన్నారట. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా వెళ్ళలేదు. వారం పాటు వోల్టేజి కోసం మంచులో కూర్చున్న మొండితనం, నాలుగు వీధుల అవతలికి నడిచి వెళ్ళి ఒక్క మాట చెప్పడానికి పనికి రాలేదు.

పైగా ఆయన ప్రశ్న పెట్టుకుని బతికాను. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పిన ముప్ఫై చిల్లర ఏళ్ళూ, ఏ పిల్ల ఏ చెడిపోయిన బోర్డు తెచ్చినా నేను మొదట అడిగేది, "పొద్దున్న ఎంత, మధ్యాహ్నం ఎంత?" వెనకాల నాకు పొద్దున్నెంత మేడం అని పేరు పెట్టారు. వీడ్కోలు సభలో ఆ మాటనే అద్దంలో కట్టించి ఇచ్చారు. నేను చప్పట్ల మధ్య నవ్వుతూ తీసుకున్నాను. రిటైరయ్యాక ఇప్పటికీ కొల్లేటి వైపు చేపల చెరువుల వాళ్ళు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల బోర్డులు పట్టుకుని మా వరండాలోకి వస్తారు. చెరువులో గాలాడక తెల్లారేసరికి చేప పైకి తేలుతుందని వాళ్ళ కంగారు వాళ్ళది. "మార్చేసే బోర్డు ఉంటే చెప్పండి మేడం, రిపేరు ఎందుకండీ" అంటారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఫోనులో నొక్కితే మర్నాటికి కొత్తది ఇంటికొచ్చే రోజులు. ఒక బోర్డు ఎందుకు తప్పు చెబుతోందో తెలుసుకోవడానికి వారం కూర్చునే మనిషి ఇప్పుడు అక్కర్లేదు. మీటరు ఇచ్చి, తొందరేం లేదు, ఉంచుకోండి అనే కొట్టూ లేదు. అయినా ఆ బోర్డుల్లో సగం తడికీ ఉప్పుకీ పాడయినవే. కడిగి ఇస్తాను. మూడు నీళ్ళు.

పొట్లం విప్పిన రెండో రోజు ఆ పాత ఐసీకి చిన్న సర్క్యూట్ కట్టాను. పొద్దున్న పన్నెండు పాయింట్ సున్నా మూడు. మధ్యాహ్నం పన్నెండు పాయింట్ సున్నా ఒకటి. వారం రోజులు కొలిచి కాగితం మీద రాశాను. అవసరమేం లేదు, మంచిదని తెలిసిందే. రాయకుండా ఆయన ముందుకి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. సోమవారం గూడెం బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను, జనం ఉన్నప్పుడే చెప్పాలి. అప్పుడు అన్నది జనంలోనే కదా.

కొట్టు అక్కడే ఉంది, గుమ్మం మీద పేరు బోర్డు మారింది. గాజు బల్ల వెనక రాజ్యలక్ష్మి, ఆమె వెనక కుర్చీలో గుప్త గారు, బాగా చిక్కిపోయి, అదే కళ్ళజోడుతో. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన చేపల చెరువుల వాళ్ళు ఇద్దరు ఒక బోర్డు పట్టుకుని నిలబడ్డారు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి, పాత ఐసీని దాని మీద పెట్టి, క్లాసులో చెప్పే గొంతుతో అన్నాను.

"గుప్త గారూ, నలభై ఏళ్ళ కిందట ఇది డూప్లికేట్ అని ఇక్కడే నిలబడి అరిచానండి. ఇది మంచిదే. తప్పు నా బోర్డులో ఉంది. తెలిసి కూడా పరీక్షలో అబద్ధం చెప్పాను. నా మూలంగా మీ కొట్టుకి చెడ్డపేరు వచ్చింది. క్షమించండి."

ఆ ఉండి వాళ్ళలో ఒకాయన నా కేసీ ఐసీ కేసీ చూశాడు. "అలాగేనండి" అన్నాడు మర్యాదగా. "మరి మా పని కాస్త చూస్తారేంటండీ?"

రాజ్యలక్ష్మి నవ్వు ఆపుకుంటోంది. గుప్త గారు చెయ్యి చాపితే కాగితం ఇచ్చాను. వారం రోజుల అంకెలూ వేలు పెట్టి వరసగా చూశారు.

"మధ్యాహ్నానికి కాస్త తగ్గుతోందేమండీ?"

"వేడికండి. ఆ మాత్రం ఉంటుంది."

"ఉండాలి. రోజూ ఒకటే ఉంటే కొలవకుండా రాశారనుకునేవాణ్ణి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీరు కనుక్కుంటారని నాకు ఆ రోజే తెలుసమ్మా. కనుక్కున్నాక వచ్చి చెబుతారనుకున్నాను. వచ్చారుగా."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పమిటతో తుడుచుకుంటుంటే, రాజ్యలక్ష్మి చెరువుల వాళ్ళకి కావలసిన ఐసీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ ఉండి ఆయన దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, అందరూ అడిగే మాటే అడిగాడు. "డూప్లికేట్ కాదు కదండీ?"

రాజ్యలక్ష్మి నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "ఈ కొట్లో డూప్లికేట్లు ఉండవండి."

గుప్త గారు కుర్చీలో ముందుకి వంగి, కుడి చెవి నా వైపు తిప్పారు. "ఏమన్నారమ్మా?"

"ఈ కొట్లో డూప్లికేట్లు ఉండవన్నానండి" అన్నాను, ఇంకాస్త గట్టిగా.

"ఆఁ? ఏమన్నారు?"

"మేడం, ఆ చెవి బాగానే వినిపిస్తుందండి ఆయనకి" అంది రాజ్యలక్ష్మి.

అయినా ఇంకోసారి చెప్పాను.